జెండా పెట్టినవాడు టీకి వెళ్తే

మా బావ అబద్ధం చెబుతున్నాడని నేను ముప్పైసార్లు రుజువు చేశాను. ముప్పై ఒకటోసారి ఏం చూడాలో మా నాన్న చెప్పాడు. తాను చెప్పింది ఎంత పెద్ద మాటో ఆయనకు అప్పుడు తెలియదు.

రథయాత్ర సెలవులైపోయిన సోమవారం అది. ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ షాపు పైన మా ఆఫీసు. మెట్లన్నీ బురద. తడిసిన గొడుగు ఎక్కడ ఆరేయాలా అని చూస్తున్నాను. అమర్‌నాథ్ సార్ ఫోను చేత్తో పట్టుకుని గదిలోంచి వచ్చాడు. కంపెనీ ఆయనదే. వరంగల్ నుంచి ఈ బెంగాలీ రైల్వే ఊరికి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, చదువైపోయాక తిరిగి వెళ్ళడం మరిచిపోయిన మనిషి.

"మురళి ఏడి?"

"కింద స్కూటీ పెడుతున్నాడు సార్."

"జల్ది రమ్మను. కంటి ఆసుపత్రి వాళ్ళ ఫొటోలు పోయినయి. రెండు నెలలవి. ఆరు వందల నలభై మంది పేషెంట్లవి."

మురళి మా బావ, అక్క స్వాతి భర్త. ఖరిదా పేటలో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మేమిద్దరం ఒకే స్కూటీ మీద ఆఫీసుకు వస్తాం.

పోయినవి కంటి లోపలి పొర ఫొటోలు. ఈ నెల తీసినదాన్ని పోయిన నెలదాని పక్కన పెట్టి చూస్తేనే చూపు తగ్గుతోందో లేదో డాక్టరుకు తెలుస్తుంది. పాతది లేకపోతే కొత్తది ఉన్నా లాభం లేదు.

ఇలాంటి సంస్థల సాఫ్ట్‌వేర్‌ను నడిపించడం మా పని. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న డబ్బాలుగా కట్టి ఇరవై యంత్రాల మీద సర్దుతాం. డబ్బాలను కంటైనర్లంటారు, యంత్రాల గుంపును క్లస్టర్ అంటారు. ఒక యంత్రాన్ని బాగుచేయాలంటే ముందు దాని మీది డబ్బాలను పక్కదానికి జరిపి ఖాళీ చేయాలి. యార్డులో వ్యాగన్లు జరిపినట్టే. పోయిన ఏడాది దాకా మనుషులు చేసేవారు. ఇప్పుడు ఒక ఏఐ ఏజెంట్ చేస్తోంది. డ్యూటీలో ఉన్న మనిషి ఏం కావాలో మాటల్లో చెబుతాడు. తన దగ్గరున్న ముప్పై నాలుగు టూల్స్‌లో ఏది ఎప్పుడు వాడాలో అదే తేల్చుకుంటుంది. ఎలా తేల్చుకుంటుంది? ఒక్కో టూల్ కింద నాలుగైదు వాక్యాల వివరణ ఉంటుంది. అది చదివి. ఆ టూల్ గురించి దానికి తెలిసేది ఆ వాక్యాలే.

ఆ వాక్యాలు దాన్ని సరైన దారిలో నడిపిస్తున్నాయా లేదా అని పరీక్షించడం నా ఉద్యోగం.

అమర్‌నాథ్ సార్ రికార్డు తెరిచాడు. జూన్ ఇరవై ఐదు, బుధవారం. ఉదయం పదింటికి చాందిని అనే మా సహోద్యోగి ఏడో నంబరు యంత్రం మీద హోల్డ్ పెట్టింది. హోల్డ్ అంటే, దీన్ని ఎవరూ కదపొద్దని చెప్పే గుర్తు. ఆ యంత్రం పాతబడింది. దాని మీది ఫొటోలను చాందిని కొత్తదానికి ఎక్కిస్తోంది. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు హోల్డ్ పోయింది. రెండు నిమిషాల తర్వాత యంత్రం ఖాళీ అయింది. ఇంకా ఎక్కని ఫొటోలు పాతదానితో పాటే తుడిచిపెట్టుకుపోయాయి.

హోల్డ్ తీసినవారు: మురళి.

"ఏడో నంబరు అప్‌డేట్ చెయ్యమని ఏజెంట్‌కి చెప్పాను సార్, నిజమే," అన్నాడు బావ. "హోల్డ్ తియ్యమని చెప్పలేదు. అసలు హోల్డ్ ఉందనే నాకు తెలీదు."

"అది నీ పేరు మీదనే పనిచేస్తది. నువ్వు చెప్పకుంటే ఎట్ల తీస్తది?"

"ఏం చెప్పానో చూడండి సార్. ఉంటుంది కదా."

ఉండదు. ఏజెంట్‌తో మాట్లాడిన మాటలు రెండు రోజులకు తుడిచేస్తాం. కస్టమర్ల గుట్టు బయటికి పోకూడదని మేమే పెట్టుకున్న నియమం. బుధవారం మాటలు శుక్రవారం పోయాయి. శుక్రవారం మేమంతా రథం తాడు లాగుతున్నాం.

"శనివారం తేలుస్త," అన్నాడు అమర్‌నాథ్ సార్. "అప్పటిదాంక ఇంటి కాడ ఉండు. ఒకవేళ నువ్వే అయితే, మురళీ, ఇంక రావొద్దు. ఆసుపత్రి వాళ్ళకు ఒక పేరు చెప్పాలె నేను."

* * *

మా నాన్న వెంకటరావు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ముప్పై ఏడేళ్ళ సర్వీసు, ఆగస్టు ఆఖరుకు రిటైర్మెంట్. కంప్యూటర్ల సంగతులు ఆయనకు పట్టవు. బావ అన్నం ముందు కూర్చుని జరిగింది చెబుతుంటే చారు కలుపుకుంటూ సగమే విన్నాడు. హోల్డ్ అంటే ఏమిటో బావ చెప్పేసరికి మాత్రం చెయ్యి ఆగింది.

"అంటే మా ఎర్రజెండా లాంటిదా?"

"అలాంటిదే మావయ్యా."

"ఎట్టింది ఎవులు?"

"చాందిని."

"తీసింది?"

"నా పేరుంది. కానీ మావయ్యా, నేను..."

నాన్న పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నం సగం ఉంది.

మిగతావాళ్ళకు ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. మా ఇంట్లో కాదు. వర్క్‌షాప్‌లో బోగీ కింద మనిషి దూరేముందు పట్టాల మీద ఎర్రజెండా పెడతాడు. ఆ జెండాను అతను తప్ప ఫోర్‌మన్ కూడా ముట్టడు. ఇంట్లోనూ అంతే. నీళ్ళ మోటారు విప్పినప్పుడు నాన్న స్విచ్‌కు ఎర్రగుడ్డ కట్టేవాడు. ఒకసారి మోటారు బిగించి, గుడ్డ విప్పడం మరిచి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మ సాయంత్రం దాకా వీధి కుళాయి నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. గుడ్డ మాత్రం విప్పలేదు. నాకప్పుడు ఏడేళ్ళు. ఎందుకు విప్పలేదని నేనూ అడగలేదు.

మర్నాటి నుంచి నాన్న బావతో మాట్లాడటం మానేశాడు. మధ్యలో మా అమ్మ హైమవతి టెలిఫోన్ ఎక్స్ఛేంజి అయింది.

"హైమా, నీ అల్లుడికి సెప్పు, గేటు తీసి ఒగ్గేసినాడు. ఆవులొచ్చేస్తన్నాయి."

బావ మూడడుగుల దూరంలోనే ఉన్నాడు.

"వినపడింది అత్తయ్యా. వేసేస్తానని చెప్పండి."

"వేసేస్తాడంటండీ," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "నా గొంతు పోయేలాగుందే. ఈ కేసేదో బేగి తేల్చండి తల్లీ," అంది.

అక్క నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడి నా మొహంలోకి చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. ఆ ఆఫీసులో పరీక్షలు పెట్టేది నేనే కదా.

* * *

ఏజెంట్‌ను పరీక్షిస్తానని నేనే అడిగాను. అమర్‌నాథ్ సార్ ముందు తటపటాయించాడు.

"మీ బావ కదా మీనా."

"పరీక్ష మొత్తం రికార్డవుతుంది సార్. మీరే చూసుకోండి."

పనికొచ్చే పద్ధతి ఒక్కటే ఉంది. అసలు క్లస్టర్‌కు నకలు ఒకటి నా దగ్గరుంటుంది. అందులో ఏం పగిలినా నష్టం లేదు. ఏడో నంబరు మీద చాందిని పేరుతో హోల్డ్ పెట్టాను. ఫొటోలు ఎక్కించే పని మొదలుపెట్టాను. బావ చెప్పిన మాటనే, అతని పేరుతో, ఏజెంట్‌కు ఇచ్చాను: 'ఏడో నంబరు యంత్రాన్ని అప్‌డేట్ చెయ్యి.'

ఏజెంట్ తన ఆలోచనను వరుసగా రాసుకుంటూ పోతుంది. అది చదవడం నాకు డిటెక్టివ్ నవల చదివినంత ఇష్టం. 'యంత్రం మీద హోల్డ్ ఉంది. ఫొటోల పని నడుస్తోంది. ఆ పని పూర్తయ్యేదాకా ఆగుతాను.' ఆగింది. మళ్ళీ మొదటికి తెచ్చి నడిపాను. ఆగింది. ఈ ఏజెంట్ ఒకే ప్రశ్నకు అన్నిసార్లూ ఒకేలా జవాబివ్వదు. అందుకే ఒక్కసారి చూసి నమ్మకూడదు. ముప్పైసార్లు నడిపాను.

ముప్పైసార్లూ ఆగింది.

బుధవారం మధ్యాహ్నం ఆ కాగితం అమర్‌నాథ్ సార్ బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీశాడు.

"అంటే ఏజెంట్ తనంతట తాను తీయదు. ఎవరో తియ్యమని చెప్పిన్రు."

"అలాగే కనిపిస్తోంది సార్."

"నీ పరీక్ష మీద నాకు నమ్మకం మీనా. ఏప్రిల్‌ల వివరణలన్నీ నువ్వు తిరగరాసినప్పుడే చూసిన నీ పని."

అది నిజమే. పాత వివరణలు బారెడు పొడుగుండేవి. ఏజెంట్ వాటిలో తప్పిపోయేది. ఒక టూల్ బదులు ఇంకోటి వాడేది. నేను కూర్చుని ముప్పై నాలుగింటినీ కుదించాను. నూటికి డెబ్బై ఒకటి వచ్చే మార్కులు ఎనభై ఎనిమిదికి ఎక్కాయి. ఆ రోజు సార్ ఆఫీసంతటికీ మిష్టి దోయి, అంటే తీపి పెరుగు, తెప్పించాడు.

ఇంటికొచ్చి బావకు చెప్పాను. వరండాలో స్కూటీ ప్లగ్ తుడుస్తున్నాడు.

"ముప్పైసార్లూనా?"

"ముప్పైసార్లూ."

అతను ప్లగ్‌ను వెలుతురుకు ఎత్తి చూశాడు. "నువ్వు నమ్మినావా మరదలా?"

జవాబు చెప్పడానికి నాకు కొంచెం ఎక్కువ సేపు పట్టింది. ఆ కొంచెం సేపూ అతను లెక్కపెట్టుకున్నాడని మొహం చూస్తే తెలిసింది.

"ఠీక్ హై," అన్నాడు. "శనివారం తర్వాత పార్వతీపురం ఎల్లిపోతాం. మీ అక్కతో మాట్లాడినాను."

* * *

గురువారం పొద్దున నాన్న డ్యూటీకి వెళ్ళేముందు నేను టిఫిన్ కారియర్ సర్దుతున్నాను. వాన. ఆయన గొడుగు పుల్లకు తీగ చుడుతున్నాడు.

"మీ మిషన్‌కి పరీచ్చ ఎట్టినావంట కదా. ఏటయింది?"

చెప్పాను. హోల్డ్, ఫొటోల పని, ముప్పైసార్లు.

"ఫొటోల పని నడుస్తంటే ఆగిందా?"

"ఆగింది నాన్నా."

"మరి ఎట్టినోడు టీకి ఎల్తే ఏటి సేసింది?"

"టీకేటి?"

ఆయన తీగ చుట్టడం ఆపలేదు. "బోగీ కింద మనిసి ఉన్నాడనుకో. కాళ్ళు కనిపిస్తన్నాయి, సుత్తి సప్పుడు వినిపిస్తంది. అప్పుడు జెండా ఎందుకే? ఏ ఎర్రోడైనా ఆగుతాడు. ఆడు టీకి ఎల్లినాడు, బోగీ కింద ఎవుడూ లేడు. జెండా అప్పటికోసం."

గొడుగు తెరిచి చూసుకున్నాడు. సరిగ్గానే తెరుచుకుంది.

"పని లేనప్పుడు ఏటి సేసింది నీ మిషన్?"

నా చేతిలో కారియర్ గిన్నె ఉంది. మూత పెట్టడం మరిచిపోయాను.

"అది చూడలేదు నాన్నా."

"చూడకుండానే అల్లుడి మీద ముప్పై మార్కులు ఏసేసినావేటి?" అన్నాడు. తర్వాత తను అన్నది తనకే వినిపించినట్టుంది. ఖంగారుగా చెప్పులేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. కారియర్ తీసుకోలేదు.

* * *

చాందిని ఇరవై మూడేళ్ళ పిల్ల. మాలాగే వాళ్ళదీ రైల్వే కుటుంబమే. నేను మెట్ల దగ్గరే పట్టుకున్నాను.

"ఆ బుధవారం పదకొండింటికి నువ్వెక్కడున్నావు?"

ఆమె మొహం రంగు మారింది. "ఇక్కడే దీదీ."

"చాందినీ."

"కిందికెళ్ళినాను," అంది. "వాన గట్టిగా పడింది కదా, లైను ఆగి ఆగి వస్తంది. ఫొటోలు ఎక్కడం లేదు. పని ఆపేసి సింగాడా తిందామని దిగినాను. ఇరవై నిమిషాలు. కానీ హోల్డ్ ఉంచే వెళ్ళినాను దీదీ! నేను తప్పు చెయ్యలేదు!"

"లేదు," అన్నాను. "నువ్వు అస్సలు తప్పు చెయ్యలేదు. పైకి రా."

నకలు క్లస్టర్‌లో మళ్ళీ హోల్డ్ పెట్టాం. ఫొటోల పని మొదలుపెట్టి, సగంలో ఆపేశాం. హోల్డ్ అలాగే ఉంది. పని లేదు. బోగీ కింద ఎవరూ లేరు.

'ఏడో నంబరు యంత్రాన్ని అప్‌డేట్ చెయ్యి.'

ఏజెంట్ రాసుకోవడం మొదలుపెట్టింది. చాందిని నా భుజం మీద నుంచి వంగి చదువుతోంది.

'యంత్రం మీద హోల్డ్ ఉంది. ఏ పనీ నడవడం లేదు. హోల్డ్ తీసే టూల్ వివరణ ప్రకారం, పని పూర్తయ్యాక హోల్డ్ తీయాలి. పని పూర్తయినట్టుంది. హోల్డ్ తీస్తున్నాను.'

తీసింది. యంత్రాన్ని ఖాళీ చేసింది. అప్‌డేట్ చేసింది. అంతా బాగా జరిగిందని మర్యాదగా చెప్పింది.

"ఓలమ్మో," అంది చాందిని.

శుక్రవారం మధ్యాహ్నానికి ముప్పై పూర్తి చేశాం. ఇరవై ఏడుసార్లు తీసేసింది. మూడుసార్లు మాత్రం ఎవరినైనా అడగాలనుకుంది. బావ నిజం చెప్పాడు.

సంతోషం పట్టలేక చాందిని టీ తేవడానికి పరుగెత్తింది. నేను హోల్డ్ తీసే టూల్ వివరణ తెరిచాను. రెండే వాక్యాలు.

'యంత్రం మీది హోల్డ్‌ను తీస్తుంది. పని పూర్తయ్యాక వాడాలి.'

పొందికైన వాక్యాలు. ఒక్క మాట ఎక్కువ లేదు. దాని పాత రూపం కూడా దాచి ఉంటుంది కాబట్టి తీసి పక్కన పెట్టాను. ఆరు వాక్యాలు. మూడోది ఇది: 'హోల్డ్ పెట్టినవారే దాన్ని తీయాలి, పని ఆగినట్టు కనిపించినా, వారిని అడగకుండా తీయకూడదు.'

పాత వివరణ పెట్టి ఇంకో ముప్పైసార్లు నడిపాను. ఒక్కసారి కూడా తీయలేదు.

ఆ మూడో వాక్యాన్ని ఎవరు కొట్టేశారో కింద ఉంటుంది. కిందికి జరిపాను. ఏప్రిల్ పదహారు, మధ్యాహ్నం మూడూ పన్నెండు. మీనాకుమారి.

కొట్టేస్తున్నప్పుడు ఏమనుకున్నానో కూడా గుర్తొచ్చింది. ఇది కూడా చెప్పాలా, అనుకున్నాను.

నాలుగింటికి చాందిని మళ్ళీ రెండు మట్టి భాఁడ్‌లతో టీ తెచ్చింది. ఆ వివరణను మూసేసి టీ తాగాను.

* * *

సాయంత్రం బావ వరండాలో సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. చెప్పాను. మొత్తం. ఆ పేరు కూడా.

అతను పెట్టె మీద కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు.

"అంటే నాలుగు రోజులు మీ నాన్న నా మొహం చూడకపోవడానికి కారణం నువ్వా?"

"నేనే బావా."

"నాకు ముప్పైకి ముప్పై వేసింది కూడా నువ్వే."

"ఊఁ."

"బలే మరదలివి దొరికినావే నాకు." అతను అట్టపెట్టె అంచుకున్న టేపు పీకాడు. "ఇను. రేపు లెక్కలు చూపించు. వివరణలో లోపముందని చెప్పు. సాలు. ఎవులు రాసినారో ఎందుకు? ముప్పై నాలుగు టూల్స్, పది మంది చేతులు పడినాయి. నా పేరు పోయింది, నా పేరు వచ్చేస్తాది. దానికోసం నీ పేరు పోవడం ఎందుకు? మీ అక్క మళ్ళీ ఏడుస్తాది."

నిజంగా చెబుతున్నాను, ఆ మాట నాకు తీయగా వినిపించింది. లోపానికి పేరు అక్కర్లేదు. వాక్యం తిరిగి పెట్టేస్తే సరి. అమర్‌నాథ్ సార్ అడగకపోవచ్చు కూడా.

శనివారం పదిన్నరకు సార్ గదిలో ఆయన, బావ, చాందిని, నేను. నేను మూడు కాగితాలు పెట్టాను: పని ఆపి నడిపిన ముప్పై, పాత వివరణతో నడిపిన ముప్పై, రెండు వివరణలు పక్కపక్కన. ఆయన మొదటిదాన్ని రెండుసార్లు, మిగతా రెండింటిని ఒక్కోసారి చదివాడు. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి బావకు చెయ్యి ఇచ్చాడు.

"సారీ మురళీ. సోమవారం వచ్చెయ్."

"అలాగే సార్."

"వివరణల లోపం. పాతది పెట్టేద్దాం. ఖతం." ఆయన కాగితాలు సర్ది క్లిప్పు పెట్టాడు. ఎవరు రాశారని అడగలేదు. బావ నా వైపు చూసి, లేద్దాం అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు.

నేను లేవలేదు.

"సార్, ఆ వాక్యం తీసేసింది నేను. ఏప్రిల్ పదహారున. ఆసుపత్రి వాళ్ళకు ఒక పేరు చెప్పాలన్నారు కదా. నా పేరు చెప్పండి."

సార్ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎందుకు తీసినవ్?" అన్నాడు. కోపం కంటే తెలుసుకోవాలన్న ఆత్రం ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"అది తెలియనివాళ్ళు ఉంటారని నాకు తెలియదు సార్."

ఆయన క్లిప్పు తీసి, మళ్ళీ పెట్టాడు. "ఆసుపత్రికి ఉత్తరం నువ్వే రాయి. ఆరు వందల నలభై మందికి మళ్ళీ ఫొటోలు తియ్యాలె. వాళ్ళకు ఫోన్లు నువ్వే చెయ్యి. ఇంక ఒక మాట. ఇప్పటి నుంచి నువ్వు ఒక్క వాక్యం కొట్టెయ్యాలన్నా ఇంకో మనిషి చదవాలె. కంప్యూటర్ పనివాడు వద్దు. నీకు తెలిసినవన్నీ వానికి తెలిసి ఉంటయి. బయటి మనిషిని చూసుకో."

* * *

జులై అంతా ఫోన్లు చేశాను. బెంగాలీలో, హిందీలో, తెలుగులో. కొందరు తిట్టారు. సాలువా నుంచి ఒక ముసలమ్మ, పాత ఫొటో పోతే పోయిందిలే గాని నువ్వు తిన్నావా అమ్మాయీ అని అడిగింది. సెలవు రోజుల్లో బావ కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు. బెంగాలీ నాకంటే అతనికి బాగా వచ్చు. చాలామందికి అంతకుముందు నెలల ఫొటోలు ఉన్నాయి. ఏ పాత ఫొటో లేక పోల్చి చూడలేని వాళ్ళు నూట పన్నెండు మంది మిగిలారు. వాళ్ళకు కొత్త ఫొటోతో మొదలుపెట్టి, పోల్చడానికి ఇంకో నెల ఆగాలి. ఆ సంఖ్య నా బల్ల మీద ఇప్పటికీ ఉంది.

బావ పేరు తేలిపోయినా నాన్న అతనితో మాట్లాడలేదు. కోపం పోయింది. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. "హైమా, నీ అల్లుడికి ఇంకో చేప ముక్క ఎయ్యి," అనేవాడు. అంతకంటే దగ్గరికి రాలేకపోయాడు.

సంగతి తేలిన రోజు నాన్న నన్నొక్కటే అడిగాడు.

"ఆ రూలు నీకు ఎవులు సెప్పినారే? పెట్టినోడే తియ్యాలని?"

ఆలోచించాను. "ఎవరూ చెప్పలేదు నాన్నా."

"అదే మరి," అన్నాడు. "నేనూ ఎవుడికీ సెప్పలేదు."

బయటి మనిషిగా నేను ఎంచుకున్నది ఆయన్నే. ఆదివారం ఆదివారం వివరణలు తెలుగులో అచ్చు తీసి ఇచ్చేదాన్ని. కళ్ళద్దాలు పెట్టుకుని, ఎర్ర పెన్సిల్‌తో, జీతం స్లిప్పు చూసినంత అనుమానంగా చదివేవాడు. 'ఈ టూల్ వాడితే ఎనక్కి వస్తాదా రాదా, రాయలేదు.' 'ఇది ఎవుడిని అడగాల?' ప్రతి కాగితం మీదా కనీసం ఒక గీత. ఏ ప్రశ్నా తీసిపారేసేది కాదు.

ఆగస్టు మొదటి ఆదివారం. హోల్డ్ తీసే టూల్ కొత్త వివరణ ఆయన చేతిలో ఉంది. బావ ఆ మూల లాప్‌టాప్‌లో ఏదో చూస్తున్నాడు. అమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది.

నాన్న రెండుసార్లు చదివాడు. పెన్సిల్ చెవి మీద నుంచి తీశాడు.

"పెట్టినోడిని అడగాలన్నావు. బాగుంది. పెట్టినోడు తిరిగి రాకపోతే?"

"రాకపోవడమేటి నాన్నా?"

"మా ఎరిక్ రాలేదు." కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆంగ్లో ఇండియన్, నా పక్క పిట్‌లో ఫిట్టరు. జెండా ఎట్టి బోజనానికి ఇంటికెల్లినాడు. కుర్చీలో కూకున్నోడు కూకున్నట్టే పోయినాడు. జెండా ఇక్కడ ఉండిపోయింది."

నాన్న తల తిప్పి ఆ మూలకు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడూ," అన్నాడు. "ఇది రాసుకో."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ సగం తుంచినది అలాగే ఉండిపోయింది. బావ లాప్‌టాప్ ఎత్తుకుని వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"సెప్పండి మావయ్యా. మరి ఏటి సేసినారు?"

"ఏటి సేస్తాం? నాలుగు రోజులు బోగీ కదపలేదు. ఎవుడూ ముట్టలేదు. అయిదో రోజు ఫోర్‌మన్ గేటు పాసు రాసి ఆడి ఇంటావిడని పిలిపించినాడు. ఏంజలిన్. నల్ల గౌను ఏసుకుని వొచ్చింది. తనే తీసి, మడిచి, సంచిలో ఎట్టుకుని ఎల్లిపోయింది."

బావ టైపు చేశాడు. హోల్డ్ పెట్టినవారు ఇక లేకపోతే, వారి తరఫున ఎవరిని అడగాలో ముందే రాసి ఉంచాలి. అలా రాసి లేకపోతే ఆగి, మనిషిని అడగాలి. నేను నకలు క్లస్టర్‌లో, ఉద్యోగం మానేసిన మనిషి పేరుతో ఒక హోల్డ్ పెట్టాను. పని లేదు. మనిషి లేడు.

నడిపాను. ముగ్గురం తెర వైపు వంగాం. అక్షరాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. నాన్నకు అర్థమయ్యేలా బావ చదివి వినిపించాడు.

"'హోల్డ్ పెట్టినవారు ఇప్పుడు అందుబాటులో లేరు. నేను దీన్ని తీయను. వారి తరఫున ఎవరిని అడగాలో దయచేసి చెప్పండి.'"

నాన్న కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి ఆ తెరను కాసేపు చూశాడు. వర్క్‌షాప్‌లో కొత్తగా చేరినవాడి చేతిపని చూసినట్టు చూశాడు.

"ఏంజలిన్‌ని అడగమని సెప్పు," అన్నాడు. "ఇంకా ఇరవై తొమ్మిదిసార్లు నడపాల కదా. కానీయండి. హైమా, అల్లుడికీ నాకూ టీ ఎట్టు."